గంగాలు స్వయంగా హాజరు కావలెను

అది మార్చి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున సదానందం తిన్నది మూడు ఇడ్లీలు, అందులోకి ముందురోజు మిగిలిన గోంగూర పప్పు. ఇడ్లీలోకి గోంగూర పప్పేమిటండీ అని అడిగే మనిషి పోయి రెండేళ్లయింది. పప్పు మాత్రం మర్నాటికి ఇంకా రుచెక్కింది. మనిషి మీద ఆ మాత్రం దయ చూపించే వంటలు కొన్ని ఉంటాయి అనుకుంటూ ఆయన చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి, పది గంటలకు దేవునికోట శాఖా గ్రంథాలయం తలుపులు తీశాడు.

పదకొండింటికి తపాలాలో ఉత్తర్వు వచ్చింది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన చాలా ఉత్తర్వులు చదివాడు. చెదపురుగుల నిర్మూలన వారోత్సవం జరపమన్న ఉత్తర్వు, ఆ చెదపురుగులను లెక్కపెట్టి పంపమన్న ఉత్తర్వు కూడా చదివాడు. ఇలాంటిది మాత్రం చదవలేదు.

"ప్రజలు బల్లల చుట్టూ కూర్చుని, పాచికలు వేయుచు, తాము కాని వ్యక్తులుగా తమను భావించుకొని మాటలతో ఆడు ఆటలయందు ఆసక్తి కనబరచుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది. ఇట్టి వ్యక్తులను ఇంతవరకు ప్రజలు తమ సొంత వనరులతో ఊహించుకొనుచున్నారు. ఈ భారమును తొలగించు సదుద్దేశముతో 'కల్పవల్లి' అను పోర్టల్ ద్వారా సదరు పాత్రలను ఉచితముగా సృష్టించి ఇచ్చుటకు నిర్ణయించడమైనది."

శనివారం సాయంత్రం వెనకగదిలో ఆయన ఇది పైకి చదివితే లైన్‌మన్ పైడిరాజు నోరు తెరిచి విన్నాడు.

"అంటే ఏటండీ గురువుగారూ?"

"ఇన్నాళ్లూ మనం మన ఖర్చుతో ఊహించుకున్నామట. ఇకమీదట ఉచితం."

"ఇన్నాళ్లూ మనకేటి ఖర్చయిందండీ?"

"పెన్సిలు," అంది జరీనా.

ఆ వెనకగది పాత దినపత్రికల బైండ్లు పెట్టుకునే గది. ఏడాదిన్నర పైగా ప్రతి శనివారం ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా నలుగురు అక్కడ ఆడుకుంటున్నారు. ఊళ్లోవాళ్లు దాన్ని ఒట్టి మాటల ఆట అంటారు. అంతకంటే పెద్దగా చెప్పడానికీ లేదు. జరీనా కథ నడుపుతుంది. పళ్లడాక్టరు దగ్గర పేర్లు రాసుకునే ఉద్యోగం ఆమెది. నోరు వాచినవాళ్లు చెప్పేవన్నీ ఓపిగ్గా వినీ వినీ కథ ఎక్కడ ఆపాలో ఆమెకు బాగా తెలిసింది. మిగతా ముగ్గురూ కథలో తలో మనిషీ అవుతారు. ఏం చేస్తారో వాళ్లు చెబుతారు, అయిందో లేదో పాచిక చెబుతుంది. పైడిరాజు కుంభాండం అనే రాక్షసుడు. రిటైరైన నర్సు సుగుణమ్మ, ఊరందరికీ సిస్టరమ్మ, మందాకిని అనే మంత్రగత్తె. సదానందం గంగాలు, పడవ నడిపే మనిషి.

భార్య విశాలాక్షి పోయిన నాలుగో నెలలో జరీనా ఆయన్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "మూడు గంటలు మీరు మీరు కాకుండా ఇంకెవరైనా అవ్వండి సార్," అని పాత పుస్తకాల చీటీ ఒకటి వెనక్కి తిప్పి ఇచ్చింది. పేరు, బలం, తెలివి, భయం - నాలుగే గళ్లు. పది నిమిషాల్లో గంగాలు పుట్టింది. నోరు పెట్టే మనిషి, కుక్కలంటే భయం, పడవ నడుపుతుంది గానీ ఈత రాదు. విశాలాక్షి నెమ్మది మనిషి, కుక్కలకు అన్నం పెట్టేది. ఇద్దరికీ ఒక్క పోలికా లేదు. అందుకే ఆయనకు శనివారాలు ఊపిరాడేది.

ఉత్తర్వు వెనకాలే అధికారి కూడా వచ్చాడు. కంచిభొట్ల త్రివిక్రమరావు, ప్రాంతీయ కల్పనాధికారి. కల్పనకు అధికారి ఉంటాడని అప్పటిదాకా దేవునికోటలో ఎవరికీ తెలియదు. ఫిబ్రవరి దాకా ఆయనకూ తెలియదు, అంతకుముందు పశుగ్రాస విభాగంలో ఉండేవాడు. అట్టపెట్టెల్లో నలభై టాబ్లెట్లు దింపించి, ఒకటి తెరిచి, ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టాడు.

"అరవై నాలుగు గళ్లు. నిజాయితీగా నింపవలెను. పాత్ర పేరు?"

"కుంభాండం."

"వృత్తి?"

"రాక్షసుడండి. మంచోడే."

"శాశ్వత నివాసం?"

"అడవండి."

"అటవీశాఖ వారి నిరభ్యంతర పత్రం జతపరచవలెను."

"ఆడు ఆ అడవిలోనే పుట్టాడండీ!"

"పుట్టినట్లు పత్రం జతపరచవలెను."

పైడిరాజు చేత ఫ్యాను బాగు చేయించుకోని ఆఫీసు ఆ తాలూకాలో లేదు కనక, సదరు రాక్షసుని వల్ల వన్యప్రాణులకు హాని లేదని అటవీశాఖ వారం తిరక్కుండా రాసిచ్చింది. సిస్టరమ్మకు చిక్కు వయసు దగ్గర వచ్చింది. మందాకినికి మూడువందల నలభై ఏళ్లు. పోర్టల్ నూట ఇరవై దాటనివ్వదు.

"ఓ ఐదేళ్లు తగ్గించమంటే ఏ ఆడదైనా తగ్గిస్తుంది నాయనా. రెండువందల ఇరవై ఏళ్లు ఎలా తగ్గించుకోను?"

"మీరు తగ్గించనక్కరలేదమ్మా. ప్రభుత్వమే ఉచితంగా తగ్గిస్తున్నది," అన్నాడు త్రివిక్రమరావు, మీట నొక్కుతూ.

తర్వాత జరీనా వంతు. "మీరు ఏ పాత్ర?"

"నేను నదిని. గాలిని. దొంగల్ని. దారిలో కనిపించే అందర్నీ."

ఆయన చాలాసేపు పైకీ కిందకీ జరిపి చూశాడు. "అట్టి ఐచ్ఛికం లేదు. సహాయక సిబ్బంది అని రాస్తున్నాను."

చివరి గడి వేలిముద్ర. ఊహల్లోని మనుషులకు వేళ్లు లేవు కనక సృష్టించినవారి బొటనవేలు వేయించారు. ముగ్గురూ వేశారు. ఒక వేలిముద్ర ఒక్కరికే చెందునని పోర్టల్లో ఎక్కడో రాసి ఉందట. అది మర్నాటి నుంచి అమల్లోకి వచ్చింది.

పైడిరాజు రేషను దుకాణంలో వేలు పెడితే యంత్రం, "కుంభాండం. రాక్షసుడు. ఒంటరి. ఈ దుకాణం పరిధిలో లేరు," అంది. వరసలో నిలబడ్డ అతని భార్య అందరూ వినేలా, "రాక్షసుడని పెళ్లయిన వారానికే చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు గవర్నమెంటే చెప్పింది," అంది. సిస్టరమ్మ పెన్షను బ్యాంకులో తాను బతికున్నట్టు వేలు పెడితే నూట ఇరవై ఏళ్ల మంత్రగత్తె అని వచ్చింది. అక్కడి గుమస్తా చటుక్కున లేచి కుర్చీ వేశాడు. ఎనిమిదేళ్లలో ఆ బ్యాంకులో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. గ్రంథాలయం గోడకున్న హాజరు యంత్రమూ అంతే. ఏప్రిల్ నెలాఖరుకి పట్టీ తీసి చూస్తే గంగాలు ఇరవై నాలుగు రోజులు పనిచేసింది, సదానందం ఒక్కరోజూ రాలేదు. ఆయన దాని గురించి ఫిర్యాదు రాయబోయి, ఆలోచించి, అందులో పెద్ద అబద్ధమేమీ కనిపించక మానుకున్నాడు.

త్రివిక్రమరావు వెనకగది గోడకు మూడు నిబంధనలు అంటించి వెళ్లాడు. నమోదు కాని పాత్ర ప్రభుత్వ ఆవరణలోకి రాకూడదు. సజీవ పాత్రలు పోర్టల్ పాచికనే వాడాలి. పాత్ర మరణిస్తే దాన్ని సృష్టించినవారు ఏడాది దాకా కొత్త పాత్రను సృష్టించకూడదు. కింద చిన్న అక్షరాల్లో ఇంకోటి: బల్ల దగ్గర నమోదైన పాత్రలు మూడింటి కంటే తగ్గితే గదిని టాబ్లెట్ల అట్టపెట్టెలు భద్రపరచుటకు స్వాధీనం చేసుకొందురు. నది, గాలి, దొంగలు లెక్కలోకి రారు.

పోర్టల్ పాచిక మంచిదే. మోసం ఉండదు. మీట నొక్కితే ఆ సంగతి రాజధానికి వెళుతుంది. అక్కడ ఒకరు పాచిక వేస్తారు, ఇంకొకరు చూస్తారు, మూడోవారు చూసినట్టు సంతకం పెడతారు. ఏడు పనిదినాల్లో ఫలితం వస్తుంది. ఏప్రిల్ ఐదున కుంభాండం ఒక దొంగ మీద గద ఎత్తాడు, పదహారున తగిలింది. ఆ పదకొండు రోజులూ దొంగ కదలకుండా నిలబడ్డాడు. అంత క్రమశిక్షణ గల దొంగను దేవునికోట అంతకుముందు చూడలేదు.

మే నెలలో ముగ్గురూ గంగాలు పడవెక్కి నది దాటబోయారు. జరీనా వాన మొదలుపెట్టింది. ఒక్కో తెడ్డు వేటుకీ ఏడు పనిదినాలు పట్టడంతో ఆ వాన ఆరువారాలు కురిసింది.

"మనం ఈతకొట్టినా ఈపాటికి ఒడ్డెక్కుదుం," అన్నాడు పైడిరాజు.

"గంగాలుకి ఈత రాదురా," అంది సిస్టరమ్మ.

"పడవదానికి ఈత రాకపోడం ఏటండీ గురువుగారూ, విడ్డూరం కాపోతే?"

"నువ్వు కరెంటువాడివి, నీకు షాకు కొట్టదా?" అన్నాడు సదానందం. అది గంగాలు గొంతు. ఆ గొంతు వచ్చినప్పుడు ఆయన వీపు కూడా కాస్త నిటారయ్యేది.

జూన్ రెండో శనివారం జరీనా బల్ల మీద వేలితో తాళం వేస్తూ చెప్పింది. "పెద్ద అల. చుక్కాని విరుగుతోంది. గంగాలు పట్టుకుంటుందా, వదిలేస్తుందా?"

"పట్టుకుంటుంది."

మీట నొక్కారు. ఫలితం ఆ పై వారమూ రాలేదు, దాని పై శనివారం సాయంత్రం వాళ్లు కూర్చున్నాక వచ్చింది. ఒకటి. పాచికలో అంతకంటే తక్కువ లేదు. చుక్కాని వచ్చి గుండెల మీద కొట్టింది, గంగాలు బలం సున్నాకు దిగింది.

ఆ బల్ల దగ్గరి కట్టుబాటు ప్రకారం సున్నా అంటే చావు కాదు. స్పృహ తప్పుతుంది. పక్కవాళ్లు మందు పోసి, మూడు పాచికల్లోగా నాలుగో అంతకు పైనో వేయగలిగితే లేస్తుంది. సిస్టరమ్మ అప్పటికే మందాకిని పసరుబుడ్డి మూత తీస్తున్నట్టు చెయ్యి తిప్పింది. అంతలో టాబ్లెట్ గంట కొట్టింది.

"మీ పాత్ర గంగాలు మరణించినందుకు ప్రభుత్వం చింతిస్తున్నది. మరణ ధ్రువపత్రం దిగువన జతపరచడమైనది. మా సేవలు మీకు ఎలా అనిపించాయి? ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తారు?"

పైడిరాజు గోడగడియారం చూశాడు. ఫలితం వచ్చిన తర్వాత ధ్రువపత్రం రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

విశాలాక్షి ధ్రువపత్రానికి మూడు నెలల పదకొండు రోజులు పట్టింది. ఏడోసారి వెళ్లినప్పుడు కిటికీ అవతలి మనిషి తల ఎత్తకుండా, "ఆవిడ పోయినట్టు మాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. అప్పటికి సదానందానికీ ఆ సంగతి పూర్తిగా తెలియదు కనక తిరిగొచ్చాడు.

ఇప్పుడు గది పోతుంది. ఆయన ఏడాది దాకా ఇంకెవరూ కాకూడదు. శనివారం సాయంత్రం ఐదింటికి తాళం వేసి ఇంటికి పోవాలి. అక్కడ ఐదు నుంచి ఎనిమిది దాకా ఏం ఉంటుందో ఆయనకు తెలుసు.

"అన్యాయం సార్," అంది జరీనా. "కథలో ఆవిడ ఇంకా ఊపిరి పీలుస్తోంది. నేను చెబుతున్నాను కదా!"

"నువ్వు సహాయక సిబ్బందివి తల్లీ," అంది సిస్టరమ్మ.

సోమవారం ఆయన సెలవు చీటీ రాసి, గంగాలు పేరు మీద హాజరు పడుతోంది కనక అదీ అనవసరమని చింపేసి, త్రివిక్రమరావు ఆఫీసుకు వెళ్లాడు.

"చనిపోలేదండి. స్పృహ తప్పింది."

"సున్నా వచ్చినది కదా? సున్నాకు దిగువన స్పృహకు గాని మరే అవసరానికి గాని అంకె కేటాయించలేదు."

"మరి దిద్దడానికి దారి?"

త్రివిక్రమరావు నిబంధనల పుస్తకం తిరగేశాడు. పశుగ్రాసంలో ఉన్నప్పుడు ఎండుగడ్డిని పచ్చిగడ్డి అని రాసినా దిద్దుకునే వీలుండేది, ఇక్కడ లేదని ఆయనకూ ఇబ్బందిగానే ఉంది. చివరికి ఒకచోట వేలు ఆగింది. "ఉన్నది. మరణించినవారు తాము మరణించలేదని భావించినచో విచారణకు స్వయముగా హాజరై విన్నవించుకొనవచ్చును. విచారణ వారి చివరి నివాసమునందు జరుగును. ఆమె చివరి నివాసం?"

"పడవ."

"పడవ ఎక్కడ ఉన్నది?"

"మా వెనకగదిలో."

బుధవారానికి నోటీసు వచ్చింది, చిరునామాలో గంగాలు, పడవ, నది మధ్య, శాఖా గ్రంథాలయం అని. "శనివారం సాయంత్రం ఐదు గంటలకు గంగాలు స్వయంగా హాజరు కావలెను. హాజరు కానిచో ఆమె మరణించినట్లే భావింపబడును." అందినట్టు గంగాలు వేలిముద్ర అడిగాడు తపాలా మనిషి. సదానందం బొటనవేలు వేశాడు. యంత్రం సరేనంది.

శనివారం త్రివిక్రమరావు కాగితాలు సర్దుకుని బల్ల మొదట కూర్చున్నాడు. కోర్టులో లాగా మూడుసార్లు పిలిచాడు. "గంగాలు! గంగాలు! గంగాలు!"

సదానందం గొంతు సవరించుకున్నాడు. వీపు నిటారయింది.

"ఉన్నానయ్యా. అరవకు, నాకేం చెవుడు లేదు."

త్రివిక్రమరావు కలం జారింది. తీసుకుని, తలుపు వైపోసారి చూసి, సదానందం వైపు చూసి, మొదటి గడిలో 'హాజరు' అని రాశాడు. "మీరు బతికి ఉన్నారా?"

"పడవలో వెల్లకిలా పడున్నాను. మందు పోస్తే చెబుతా బతికున్నానో లేదో."

"ప్రస్తుత పరిస్థితి?"

"అడుగున నీళ్లు ఊరుతున్నాయి. వీపు తడుస్తోంది. నువ్వేమో రాసుకుంటున్నావ్."

"సాక్షి?"

"నేనున్నాను నాయనా," అంది సిస్టరమ్మ. "మందాకిని. నూట ఇరవై, మీరు తగ్గించిన లెక్క. నా చేతిలో పసరు ఉంది."

"అది పనిచేయునని రుజువు?"

"పాచికండీ," అంది జరీనా. "నాలుగు, ఆ పైన. మూడుసార్లు."

త్రివిక్రమరావు అలవాటు కొద్దీ టాబ్లెట్ అందుకున్నాడు. "ఏడు పనిదినాలు..."

"నీళ్లు ఆవిడ చెవుల దాకా వచ్చాయి సార్," అంది జరీనా మెల్లిగా. "ఏడు పనిదినాలు ఆగవు."

ఆయన గోడ మీది నిబంధనలు తానే అంటించినవి తానే చదివాడు. రెండోది రెండుసార్లు చదివాడు. సజీవ పాత్రలు పోర్టల్ పాచికనే వాడాలి. ధ్రువపత్రం చూశాడు. "ఈమె మరణించినది," అన్నాడు నెమ్మదిగా. "కనుక సజీవ పాత్ర కాదు. కనుక ఈ నిబంధన ఈమెకు వర్తించదు. మామూలు పాచిక ఉన్నదా?"

జరీనా చెక్క పాచిక తెచ్చి, విచారణ ఎవరిదైతే చెయ్యి వారిదే అని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకున్న తీరు చూస్తే చిన్నప్పుడెప్పుడో తప్ప మళ్లీ పట్టుకోలేదని తెలిసిపోతుంది. వేశాడు. రెండు. చెయ్యి పంట్లాముకు తుడుచుకుని మళ్లీ వేశాడు. మూడు.

"మంచినీళ్లు కావాలా అండీ?" అన్నాడు పైడిరాజు.

అక్కర్లేదని తలూపి, కళ్లు మూసుకుని మూడోసారి వేశాడు. పాచిక దొర్లి, బల్ల అంచు దాటి, కిందపడి, కుర్చీ కాలి దగ్గర ఆగింది. ఆయన వంగి చూశాడు. "ఆరు!" అన్నాడు. ఆ గొంతులో అధికారి ఎక్కడా లేడు.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"బల్ల దాటితే లెక్కలోకి రాదండి," అన్నాడు సదానందం. అన్నది సదానందమే, గంగాలు కాదు.

"ఏ నిబంధన ప్రకారం?"

"నిబంధన కాదండి. మా అలవాటు."

"మీ పాత్రే కదా పోయేది?"

"అవునండి. అయినా రాదు."

త్రివిక్రమరావు ఆయన్ని చూసి, పాచిక తీసుకుని, బల్ల మధ్యకు ముందుకు వంగి జాగ్రత్తగా వేశాడు. అది ఓ మూల మీద గిరగిర తిరిగి నిలబడింది. నాలుగు.

"దగ్గింది," అంది జరీనా. "నీళ్లు కక్కింది. కళ్లు తెరిచింది."

"ఎవడ్రా నా చుక్కాని విరగ్గొట్టింది?" అన్నాడు సదానందం. పైడిరాజు బల్ల గుద్దాడు. సిస్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

తర్వాత పావుగంట త్రివిక్రమరావు టాబ్లెట్లో బతికించే మీట కోసం వెతికాడు. లేదు. చంపడానికి మూడు చోట్ల ఉంది. చివరికి ఆయన కలం తీసి, పైకి చదువుతూ తుది ఉత్తర్వు రాశాడు.

"గంగాలు నమోదైన పాత్ర. కనుక ఆవరణలోకి రావచ్చును, లెక్కలోకి వచ్చును. ఆమె మరణించినది. కనుక పోర్టల్ పాచిక, వేలిముద్ర, ఏటేటా పునరుద్ధరణ ఆమెకు వర్తించవు. ఆమె కొత్త పాత్ర కాదు. కనుక ఏడాది నిషేధం ఆమెకు తగలదు. మరణించిన పాత్ర ఆడరాదని ఎచ్చటను లేదు. ఆడవచ్చును."

దాని అర్థం ముందు పట్టుకున్నవాడు పైడిరాజు.

"బాబూ, మా కుంభాండం కూడా చచ్చిపోవచ్చాండి?"

"ప్రజలకు ఏ సేవ అయినా ఉచితమే."

నిండు బలంతో ఉన్న రాక్షసుడు మరు నిమిషం నదిలో దూకాడు. మందాకిని వృద్ధాప్యంతో ప్రశాంతంగా కన్నుమూసింది. రెండు ధ్రువపత్రాలూ నాలుగేసి నిమిషాల్లో వచ్చాయి. కుంభాండం ఈదుకుంటూ వచ్చి మళ్లీ పడవెక్కాడు. సోమవారం పైడిరాజు బొటనవేలు పైడిరాజుకు వచ్చింది, ఇంట్లో బియ్యం పడ్డాయి. గ్రంథాలయం యంత్రం చాలా రోజుల తర్వాత సదానందం హాజరు అంది. బ్యాంకులో మాత్రం గుమస్తా సిస్టరమ్మను చూడగానే అలవాటుగా కుర్చీ వేశాడు. ఆవిడ కాదనలేదు.

కబురు పక్క ఊళ్లకు పాకింది. అక్కడి బల్లల మీద కూడా జనం పిట్టల్లా రాలిపోయారు. ఊహాజనిత మరణాల్లో తమ ప్రాంతం రాష్ట్రంలోనే ముందుందని త్రివిక్రమరావుకు రాజధాని నుంచి తాఖీదు వచ్చింది, నీటిని కాచి తాగవలసిందిగా పాత్రలకు అవగాహన కల్పించమని. ఆయన మూడు బ్యానర్లు కట్టించాడు. ఆగస్టు మొదటి వారానికి కల్పవల్లిలో బతికున్న పాత్ర ఒక్కటీ లేదు. అపరిష్కృత దరఖాస్తులు సున్నా, ఫిర్యాదులు సున్నా అని పథకాన్ని సంపూర్ణ విజయంగా ప్రకటించి, ఆయనకు ప్రశంసాపత్రం పంపారు.

ఆ శనివారం ఐదున్నరకు వెనకగది తలుపు దగ్గర ఎవరో చెప్పులు విప్పిన చప్పుడైంది. త్రివిక్రమరావు. చేతిలో కాగితాలు లేవు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి.

"తనిఖీనా అండీ?" అంది జరీనా.

"కాదు." కాస్త ఆగి అన్నాడు, "ఆ పడవ ఒడ్డు చేరిందా అని..."

"ఇంకా లేదు. చుక్కాని లేదు కదా. మనిషి సాయం కావాలి."

ఆయన బయటే నిలబడ్డాడు. సదానందం పక్కకు జరిగి బల్ల దగ్గర చోటు చేసి, పాత చీటీ ఒకటి వెనక్కి తిప్పి పెన్సిలుతో సహా ముందుకు జరిపాడు.

"ఎన్ని గళ్లు?"

"నాలుగు."

"పేరు ఏదైనా పెట్టుకోవచ్చా?"

"ఏదైనా."

ప్రాంతీయ కల్పనాధికారి పెన్సిలు కొన పెదవికి ఆనించుకుని, పడవలోవాళ్లూ నది కూడా ఆగి చూస్తుండగా, చాలాసేపు ఆలోచించాడు. చివరికి రాసి, ఎవరికీ కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సోమవారం ఉదయం ఆ పేరును నిబంధన ప్రకారం నమోదు చేసి, అదే రోజు మధ్యాహ్నం చంపేస్తానని మాటిచ్చాడు.

ఎనిమిదికి అందరూ లేచారు. పైడిరాజు సిస్టరమ్మను బండి మీద దింపుతానన్నాడు. జరీనా గొడుగు వెతుక్కుంది. వీధి మలుపు దాకా త్రివిక్రమరావు గాలి ఎటు వీస్తోందో అడుగుతూనే ఉన్నాడు, నిజం గాలి గురించి కాదు.

సదానందం ఒక్కడే లోపలికొచ్చాడు. బల్ల మీద సుద్దతో గీసిన నది, అగ్గిపెట్టె పడవ, అందులో నాలుగు చింతగింజలు. ఎప్పుడూ వెళ్లేముందు అవన్నీ డబ్బాలో పోసి, బల్ల తుడిచి పోవడం ఆయన పద్ధతి. డబ్బా మూత తీశాడు. చూసి, మళ్లీ పెట్టేశాడు. దీపం ఆర్పి బయటికొచ్చి, మడత బందులు కిర్రుమనకుండా తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, లోపల మనుషులు నిద్రపోతున్నప్పుడు వేసినట్టు మెల్లగా వేశాడు.